విప్పినవన్నీ తిరిగి పెట్టే మనిషి

ఆ వీధిలో ఆయన అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. పొట్లాలాయన అంటే మాత్రం ఇల్లు ఎవరైనా చూపిస్తారు. షాపు మూతపడి ఏళ్లు గడిచినా ఆ పేరు మూతపడలేదు.

ఆయన వాచీలు బాగుచేసేవాడు. బస్టాండుకి పోయే దారిలో, ఒక మేడమెట్ల కింద షాపు. ఆయన కూర్చుంటే వచ్చినవాళ్లు బయట నిలబడాల్సిందే, అంత ఇరుకు. వాచీ విప్పి, అరిగిపోయిన ముక్క తీసి, కొత్తది వేసి ఇవ్వడం ఎవరైనా చేసే పనే. ఈయన ఇంకొకటి చేసేవాడు. తీసిన పాత ముక్కని చిన్న కాగితంలో పెట్టి, పొట్లం కట్టి, వాచీతో పాటు చేతిలో పెట్టేవాడు.

"ఇది మీది," అనేవాడు.

ఆవగింజంత ఇనపముక్క. దాన్ని ఎవరేం చేసుకుంటారు? నాలుగడుగులు వేసి పారేసేవాళ్లు. పారేస్తారని ఆయనకీ తెలుసు. అయినా కట్టేవాడు. "మీ వాచీలోంచి వచ్చింది మీ దగ్గరికే పోవాలి. లోపల ఉండాల్సింది లోపల, లేకపోతే మీ జేబులో. నా బల్ల మీద మాత్రం ఏమీ మిగలకూడదు."

సాయంత్రం బల్ల తుడిచేటప్పుడు ఒక్క స్క్రూ కనబడిందా, అయిపోయింది. ఆ రోజు బాగుచేసి పెట్టిన వాచీలన్నీ మళ్లీ విప్పేవాడు, అది ఎవరిదో తేలేదాకా. ఆయన ఇంటికి ఆలస్యంగా వస్తే భార్య ఎందుకని అడిగేది కాదు. "స్క్రూ దొరికిందా?" అని అడిగేది.

కోడలికి ఆయన మామయ్య కాకముందే తెలుసు. చదువుకునే రోజుల్లో వానలో తడిసి ఆగిపోయిన వాచీ పట్టుకుని ఆ మెట్ల కిందికి వెళ్లింది. బాగుచేసి, పొట్లం ఇచ్చాడు. ఆమె పారేయలేదు. అక్కడే విప్పి చూసి, "ఇదేంటండీ?" అంది. అన్నేళ్లలో ఆ ప్రశ్న అడిగిన మనిషి ఆమె ఒక్కతే కాబోలు, ఆయన పట్టరాని సంతోషంతో తన కంటి భూతద్దం తీసి ఆమె కంటికి పెట్టి, విరిగిన స్ప్రింగు పుట్టుపూర్వోత్తరాలన్నీ చెప్పాడు. బస్సు వెళ్లిపోయింది. ఆ తర్వాత వాచీ శుభ్రంగా నడుస్తున్నా ఆమె ఏదో ఒక వంకతో వెళ్తూనే ఉంది. నాన్నకి అన్నం క్యారియరు తెచ్చే కొడుకుని చూసింది అక్కడే.

"నన్ను చూసి చేసుకున్నావా, మా నాన్నని చూసి చేసుకున్నావా?" అని భర్త ఇప్పటికీ అడుగుతుంటాడు.

"మీ నాన్నని చూసే. నువ్వు పొట్లంలో వచ్చావు," అంటుంది.

తర్వాత ఆయన చేతులు వణకడం మొదలైంది. పట్టకారు పట్టుకుంటే దాని కొసన ఉన్న ముక్క ఎగిరి ఎక్కడో పడేది. ఎవరో చెప్పి మూయించలేదు, ఆయనే ఒక రోజు బల్ల తుడిచి తాళం వేసి వచ్చేశాడు. భార్య పోయాక కొడుకు ఇంట్లో ముందుగది ఆయనదైంది. ఆ గదిలోనే, కిటికీ పక్కన, కోడలి కంప్యూటర్.

కోడలు ఒక ప్రెస్సుకి పేజీలు పెడుతుంది. పిల్లల చదువు పుస్తకాలు. బొమ్మ ఎక్కడ, అక్షరం ఎక్కడ, ఎంత ఖాళీ అన్నీ చూసుకుని, పేజీలు పెన్‌డ్రైవ్‌లో వేసుకుని వెళ్లి ఇచ్చి వస్తుంది. ఆమె పని చేస్తుంటే ఆయన మంచం మీద కూర్చుని చూస్తుండేవాడు. ఒక రోజు ఆమె లేచి, "మీరూ కూర్చోండి మామయ్యా," అని పేకాట నేర్పింది. ఎడమచేత్తో కుడి మణికట్టు గట్టిగా పట్టుకుంటే మౌసు అట్టే కదలదని ఆయనే కనిపెట్టాడు. అప్పటి నుంచి మధ్యాహ్నాలు ఆమె బట్టలారేయడానికో, ప్రెస్సుకో వెళ్తే కుర్చీ ఆయనది. వణికే చేతుల మాట ఎత్తని వస్తువు ఆ ఇంట్లో అదొక్కటే.

అలాంటి కంప్యూటర్‌కి జబ్బు చేసింది.

చిన్నపిల్లల పుస్తకానికి గుండ్రంగా, ముద్దుగా ఉండే అక్షరాలు కావాలని ఆమె నెట్‌లో ఎక్కడి నుంచో ఉచితంగా దింపుకుంది. అక్షరాలు ముద్దుగానే ఉన్నాయి. వాటి వెనకాల వచ్చినవి కావు. తెర మూలన ఏవేవో ప్రకటనలు తోసుకొచ్చేవి. ఒక పేజీ తెరిస్తే ఇంకో పేజీ తెరుచుకునేది. ఏ పనీ చేయకపోయినా లోపలి ఫ్యాను, పరుగెత్తుకొచ్చిన మనిషిలా ఆయాసపడేది. పెన్‌డ్రైవ్‌లో పేజీలు మాయమై, వాటి చోట నకిలీ గుర్తులు కూర్చునేవి.

ఆమె తమ్ముడికి కంప్యూటర్లు బాగుచేసే షాపు ఉంది. వచ్చాడు.

"ఏమోయ్ డాక్టరూ, రోగి ఎలా ఉన్నాడు?" అన్నాడు పెద్దాయన మంచం మీద నుంచి.

"రోగికేం మామయ్యగారూ, బానే ఉన్నాడు. డాక్టరే పోయేట్టున్నాడు."

సాయంత్రం దాకా తంటాలు పడి, ఒళ్లు విరుచుకున్నాడు. "అయిపోయిందక్కా. యాంటీవైరస్ పెట్టి దొంగ ఫైళ్లన్నీ పట్టి పక్కన పడేశా. ఇప్పుడే చెరపను. తొందరపడితే మనకి కావాల్సినవి కూడా పోతాయి. కొన్నాళ్లు చూసి అప్పుడు తుడిచేద్దాం."

"తీసినవి ఎక్కడున్నాయోయ్?" అన్నాడు పెద్దాయన.

"ఇదిగో మామయ్యగారూ, ఈ గడిలో. ఎక్కడికీ పోవు."

పెద్దాయన లేచి వచ్చి, తెర దగ్గర వంగి, ఆ గడిని చాలాసేపు చూశాడు. "అయితే అన్నీ బయటే ఉన్నాయన్నమాట," అన్నాడు. ఎవరూ పట్టించుకోలేదు. అప్పటికి తమ్ముడు చెప్పుల్లో కాళ్లు పెట్టేశాడు.

రెండు రోజులు బాగుంది. ఆ తర్వాత మళ్లీ ప్రకటనలు, మళ్లీ ఆయాసం. తమ్ముడు మళ్లీ వచ్చాడు, మళ్లీ పట్టి పక్కన పెట్టాడు. మళ్లీ అదే. నెట్టు పీకి చూశాడు, పెన్‌డ్రైవ్ కడిగాడు, తనంతట తాను మొదలయ్యే ప్రోగ్రాములన్నీ వెతికి ఆపాడు. తను వెళ్లేటప్పుడు అద్దంలా ఉంటుంది. తను వెళ్లాక ఏమవుతుందో అర్థం కాదు.

"అక్కా, ఇది వైరస్ కాదు, చుట్టం. గుమ్మం దాకా సాగనంపినా మళ్లీ వచ్చి కూర్చుంటోంది." నవ్వుతూనే అన్నాడు గానీ ముఖం మాడిపోయి ఉంది. షాపులో పది మందికి బాగుచేసి పంపేవాడు, సొంత అక్క ఇంట్లో పరువు పోతోంది.

ఈలోగా పెన్‌డ్రైవ్‌లోంచి జబ్బు ప్రెస్సుకి పాకింది. ప్రెస్సాయన ఫోన్ చేశాడు.

"అమ్మా, నీ పేజీలకి వంక పెట్టలేను. నీ పెన్‌డ్రైవ్ చూస్తేనే నా దగ్గర పనిచేసే పిల్లలు కుర్చీలోంచి లేచి పారిపోతున్నారు. వచ్చేవారం నుంచి ఇక్కడికే వచ్చి చేసుకో. పొద్దున్న వస్తే సాయంత్రం వెళ్దువుగాని."

"ఇంట్లో మామయ్యగారు ఒక్కరే ఉంటారండీ."

"దానికి నేనేం చేయనమ్మా? ఇంటి కంప్యూటర్ బాగుపడితే ఇంట్లోనే చేసుకో. ఈ శనివారం దాకా చూద్దాం."

పెద్దాయన్ని రోజంతా ఒంటరిగా వదిలే పని లేదు. ఒకసారి పాలు పొయ్యి మీద పెట్టి, గోడగడియారం అర నిమిషం వెనకబడిందని దాని ముందు నిలబడిపోయాడు. గిన్నె నల్లగా మాడి, ఇల్లంతా పొగ. అందుకే భర్త వాళ్లక్కకి ఫోన్ చేశాడు. పక్క ఊళ్లో ఆవిడది పెద్ద ఇల్లు. మంచి మనిషే. ఆదివారం వచ్చి నాన్నని తీసుకెళ్తానంది.

"నాన్నా, కొన్నాళ్లు అక్క దగ్గర ఉండు."

"సరే," అన్నాడు పెద్దాయన. గొడవ పడలేదు. అదే కోడలికి కష్టంగా అనిపించింది. కాసేపటికి, గోడవైపు తిరిగి పడుకుని అడిగాడు: "వాళ్లింట్లో పేకాట కంప్యూటర్ ఉందా?"

భర్త చెప్పులేసుకుని బయటికి వెళ్లిపోయాడు.

తమ్ముడు ఆఖరి మాట చెప్పాడు. "శనివారం వచ్చి మొత్తం చెరిపి కొత్తగా ఎక్కిస్తా. వేరే దారి లేదు."

"మరి నా పేజీల ప్రోగ్రాం?"

"అది పాతదక్కా. దాని సీడీ నీ దగ్గర లేదు, బయట దొరకదు. పోతే పోయినట్టే."

పోతే ఇంట్లో పేజీలు పెట్టడం కుదరదు. ఎటు చూసినా దారి ప్రెస్సుకే, పెద్దాయన దారి పక్క ఊరికే.

"అసలు దీన్ని ఇంకెవరు ముడుతున్నారు?" అన్నాడు తమ్ముడు.

భర్త తండ్రి వైపు చూశాడు.

"పేకాట తప్ప నేనేం ఆడలేదురా," అన్నాడు పెద్దాయన. అబద్ధం కాదు.

గురువారం మధ్యాహ్నం కోడలు మేడ మీద బట్టలు ఆరేస్తుంటే చినుకులు పడ్డాయి. సగం తడి బట్టలు భుజాన వేసుకుని కిందికి దిగింది. ముందుగది తలుపు ఓరగా తెరిచి ఉంది. అక్కడే ఆగిపోయింది.

పెద్దాయన కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. పేకాట లేదు. ఒక కన్ను మూసి, రెండో కంటికి పాత భూతద్దం బిగించుకుని, తెరకి జానెడు దూరంలో వంగి ఉన్నాడు. ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకుని, తమ్ముడు పక్కన పెట్టిన ఫైళ్లని ఒక్కొక్కటిగా నొక్కి, మళ్లీ కంప్యూటర్‌లోకి పంపిస్తున్నాడు. పంపుతూ ఒక్కోదానితో మాట్లాడుతున్నాడు.

"పద... నువ్వు నీ చోటికి. నువ్వూ. నువ్వెక్కడి దానివో నాకు తెలీదుగానీ పద, లోపల చూసుకో."

ఆమెకి ముందు నవ్వొచ్చింది. వెనక్కి వచ్చి మెట్ల మీద కూర్చుని తడి తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వు తగ్గేసరికి కళ్లలో నీళ్లున్నాయి. భర్తకి చెబితే "నేను అనుకుంటూనే ఉన్నా" అని ఎగురుతాడు, ఆదివారం దాకా కూడా ఆగడు. తమ్ముడికి చెబితే షాపుకి వచ్చినవాళ్లందరికీ కథలా చెప్పుకుంటాడు. ఈయనకే మొహం మీద "పాడుచేస్తోంది మీరే" అంటే? ఒక్క స్క్రూ కోసం వాచీలన్నీ విప్పిన మనిషి. ఎవరూ పంపక్కర్లేదు, సంచీ తీసుకుని తనే వెళ్లిపోతాడు. చెప్పకుండా ఊరుకుంటే అసలుకే మోసం.

టీ పెట్టి తీసుకెళ్లింది.

"ఏం చేస్తున్నారు మామయ్యా?"

ఆయన ఉలిక్కిపడి భూతద్దం తీశాడు. కంటి చుట్టూ గుండ్రంగా ముద్ర పడింది. "నీకు చెప్పకూడదనుకున్నానమ్మా. మీ తమ్ముడి పరువు."

"మా తమ్ముడి పరువా?"

ఇంట్లో ఇంకెవరూ లేకపోయినా ఆయన గొంతు తగ్గించాడు. "కుర్రాడు మంచివాడే, పని తెలిసినవాడే. కానీ తొందర. వచ్చినప్పుడల్లా లోపలి సామాన్లు విప్పడం, బయట వదిలేసి చెప్పులేసుకుని పోవడం. చూడు, ఎన్నో! ఇవన్నీ లేకుండా బండి నడుస్తుందా? అందుకే మళ్లీ మళ్లీ పాడవుతోంది. నలుగురిలో అంటే చిన్నబుచ్చుకుంటాడు. పైగా నీ తమ్ముడు. వాడు వెళ్లాక నేనే గుట్టుగా లోపల పెట్టేస్తున్నా."

"మొదటిసారి నుంచీనా?"

"మొదటిసారి నుంచీ. ఇది ఎర్రగా భయపెడుతుంది కూడా, నిజంగా పెట్టమంటావా అని. పెట్టమంటాను. 'మళ్లీ దీన్ని పట్టుకోవద్దు' అనే గడి ఈమధ్యే కంటబడింది, ఇప్పుడు అందులో టిక్కు పెడుతున్నా. పాపం, అస్తమానం అడగడం దానికీ శ్రమే."

ఆమె నవ్వకుండా ఉండడానికి పెదవి కొరుక్కుంది. టీ ఆయన చేతికిచ్చి, తన చేతి వాచీ తీసి బల్ల మీద పెట్టింది.

"దీన్ని మొదటిసారి విప్పింది గుర్తుందా?"

"ఎందుకు లేదు? నీళ్లు పోయి లోపలంతా తుప్పు పట్టింది. తీసుకొచ్చి ఏడుపు మొహం పెట్టావు."

"పొట్లంలో నాకేమిచ్చారు?"

"విరిగిన స్ప్రింగు."

"మరి తుప్పేది?"

ఆయన పకపకా నవ్వాడు. "బాగుందే! తుప్పు ఎవరైనా పొట్లం కట్టి ఇస్తారా? బ్రష్షుతో గీకి, పెట్రోలులో కడిగి, బయట పారబోశా. తుప్పు వాచీ సామానా ఏంటి? అది వాచీని తినే..."

ఆగిపోయాడు. చేతిలో కప్పు గలగలలాడింది. ఆమె కప్పు తీసుకోబోలేదు. ఆయనే నెమ్మదిగా బల్ల మీద పెట్టి, తెర వైపు తిరిగాడు.

"ఇవన్నీ తుప్పా?"

"తుప్పే మామయ్యా."

"లోపలి సామాను కాదా? ఒక్కటి కూడానా?"

"కాదు. బయటి నుంచి వచ్చింది. తెచ్చింది నేనే. ఉచితంగా వస్తున్నాయని అక్షరాలు దింపుకున్నా, వాటితో వచ్చింది."

"నువ్వు తెచ్చావు. నేను మేపాను."

"మా తమ్ముడు పాపం తరుముతూ తిరిగాడు."

ఆయన నవ్వలేదు. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని వాటినే చూస్తూ కూర్చున్నాడు. "నా సంచీ సర్దమ్మా," అన్నాడు చివరికి. "ఈ చేతులు ఇక ఏ మిషను మీదా ఉండకూడదు."

ఆమెకి ఒళ్లు మండింది. "బాగుంది! పాడుచేసి పారిపోతారా? షాపులో ఎప్పుడైనా అలా చేశారా? స్క్రూ మిగిలితే వాచీలన్నీ విప్పేవారట కదా, ఇప్పుడేమైంది? ఇదీ విప్పండి. మీరు పెట్టినవి మీరే తీయాలి. అద్దం పెట్టుకోండి."

ఆ ఇంట్లో ఆయన మీద కోప్పడి చాలా కాలమైంది. అందరూ జాలిగా, మెత్తగా, చంటిపిల్లాడితో మాట్లాడినట్టు మాట్లాడుతున్నారు. ఆయన తలెత్తి ఆమెని చూశాడు. భూతద్దం కంటికి బిగించాడు.

ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. ముందు ఆయన పెట్టిన టిక్కులన్నీ తీసేశారు. ఆ తర్వాత యాంటీవైరస్‌తో అంతా వెతికించారు. వదిలేయమన్న పాపానికి ఊరుకున్న ఆ ప్రోగ్రాం, ఒక్కసారిగా అన్నిటినీ పట్టుకుని బయట పెట్టింది. ఈసారి పక్కన ఉంచలేదు. తమ్ముడికి ఫోన్ చేసి, "పక్కన పెట్టినవాటిలో నా పేజీల ప్రోగ్రాంవి ఏమైనా ఉన్నాయా?" అని ఆమె అడిగింది. లేవన్నాడు. ఎందుకడుగుతున్నావని అతనంటే మాట దాటేసింది. ఇక పెద్దాయన మణికట్టు పట్టుకుని ఒక్కొక్కటీ చెరిపాడు. నిజంగా చెరిపేయాలా అని కంప్యూటర్ అడిగినప్పుడల్లా, "చెరుపు," అని పైకి అన్నాడు. అన్నీ ఒకేసారి చెరిపే మీట ఉందని ఆమెకి తెలుసు. చెప్పలేదు.

పెన్‌డ్రైవ్ కూడా అయ్యాక, కంప్యూటర్ ఆపి మళ్లీ పెట్టారు. ఆయన వంగి, వాచీ విన్నట్టే దాని పెట్టెకి చెవి ఆనించాడు.

"ఆయాసం తగ్గింది," అన్నాడు.

శనివారం తమ్ముడు సంచీ నిండా సామానుతో వచ్చాడు. భర్త ఇంట్లోనే ఉన్నాడు. దానంతట అదే బాగుపడిందని చెప్పేద్దామని కోడలి ఆలోచన. నోరు తెరిచేలోపు పెద్దాయన లేచి నిలబడ్డాడు.

"ఏమోయ్ డాక్టరూ, నువ్వు తీసినవి నేనే మళ్లీ పెట్టాను. ప్రతిసారీ. తప్పు నాది, నీ చేతిది కాదు."

మొత్తం చెప్పాడు, పరువు సంగతితో సహా. తమ్ముడు నేల మీద చతికిలబడి, పొట్ట పట్టుకుని నవ్వాడు. "అంటే నేను ఓడింది వైరస్ చేతిలో కాదన్నమాట! మామయ్యగారూ, మీరు ముందే చెప్పుంటే నాకు రాత్రిళ్లు నిద్రైనా పట్టేది కదండీ!"

భర్త నవ్వలేదు. చల్లారిపోయిన క్యారియరు పట్టుకుని, నాన్న స్క్రూ దొరికేదాకా మెట్ల కింద నిలబడిన సాయంత్రాలు అతనికి గుర్తొచ్చాయేమో. "ఒక్కసారి అడగొచ్చుగా నాన్నా," అన్నాడు.

"అడిగితే నీ బావమరిది చిన్నబుచ్చుకుంటాడనిరా."

తమ్ముడు వెంటనే నమ్మలేదు. కంప్యూటర్ మూలమూలలా గాలించాడు, పెన్‌డ్రైవ్ తన లాప్‌టాప్‌లో పెట్టి చూశాడు. ఏమీ దొరకలేదు. తెచ్చిన సామాను తెచ్చినట్టే సంచీలో పెట్టుకున్నాడు. భర్త వరండాలోకి వెళ్లి ఫోన్ చేసిన మాటలు లోపలికి వినబడ్డాయి. "అక్కా, రేపు రావద్దు... అలిగాడని కాదే... ఇక్కడ ఆయనకి పనుంది."

సోమవారం ఆమె పేజీలు ఇచ్చి వచ్చింది. ప్రెస్సాయన నుంచి ఫోన్ రాలేదు. మర్నాడు వచ్చింది, తర్వాతి పాఠం ఎప్పుడిస్తావని.

ఇంకో వారం పోయాక తమ్ముడు ఊరికే చూసి పోదామని వచ్చాడు. చూశాడు. శుభ్రంగా ఉంది. లేవబోతూ ఏమనుకున్నాడో, బల్ల మీది చిత్తుకాగితం చించి, ఎలాగోలా మడిచి, పెద్దాయన చేతిలో పెట్టాడు.

"ఇది మీది."

పెద్దాయన పొట్లం విప్పాడు. భూతద్దం పెట్టుకుని, ఖాళీ కాగితాన్ని ఇటూ అటూ తిప్పి శ్రద్ధగా చూశాడు.

"ఇందులో ఏమీ లేదు."

"తుప్పే కదా మామయ్యగారూ. మీరే పారబోశారు."

పెద్దాయన ఆ కాగితం ఇంకోసారి చూసి, తల అడ్డంగా ఊపాడు. "అది సరే. పొట్లం ఇలాగేనా కట్టేది? స్క్రూ ఉంటే దారిలోనే జారిపోతుంది. కూర్చో. మూల ముందు లోపలికి రావాలి. చూడు."

తమ్ముడు మళ్లీ చెప్పులు విప్పాడు. పెద్దాయన కాగితం మోకాలి మీద పరిచి మడత పెట్టడం మొదలుపెట్టాడు. వేళ్లు వణికాయి, మూల రెండుసార్లు జారింది. మళ్లీ పెట్టాడు. చాలాసేపు పట్టింది. ఎవరూ సాయం చేస్తామనలేదు.